బ్రేకు తొక్కితే వణికిన మన సంఘం బండి



మన సంఘం కరెంటు బండి ఇన్ని రోజులు ఆఫీసు ముందర కవరు కప్పుకుని ఎందుకు నిలబడింది, మళ్లీ ఎట్లా రోడ్డెక్కింది అని చాలామంది అడుగుతున్నారు. "అమ్మేసిన్రంట గదా" అన్నవాళ్లు కూడా ఉన్నారు. అమ్మలేదు. బండి ఉంది, బాగుంది. అయితే అది బాగయిన కథలో మా కమిటీ చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది దాచిపెట్టి బండి సంగతి ఒక్కటే రాస్తే సగం చెప్పినట్టే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపికగా చదవండి. ఇంట్లో కరెంటు కారు ఉన్నవాళ్లకు, కొందామనుకుంటున్నవాళ్లకు పనికొచ్చే మాటలు కూడా ఇందులో ఉన్నాయి.

ఈ బండి ఎందుకు కొన్నామో కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. కామాటిపురాలో ఉండేవాళ్లకు ఆస్పత్రులు దూరం కాదు. నాయర్ ఆస్పత్రి నడిచిపోయేంత దూరం. ఇటు పక్క జేజే, పరేల్‌లో కేఈఎం, టాటా. కానీ డయాలిసిస్ చేయించుకున్న మనిషికి ఆ నడిచిపోయేంత దూరమే కొండంత అవుతుంది. దగ్గరి కిరాయికి టాక్సీవాళ్లు రామంటారు. ఇంకో పక్క కరీంనగర్, నిజామాబాద్, పాలమూరు, నల్లగొండ నుంచి టాటాలో చూపించుకోవడానికి వచ్చేవాళ్లు మన చాళ్లల్లో చుట్టాల ఖోలీల్లోనే దిగుతారు. ఒక్క ఖోలీలో ఎనిమిది మంది. వాళ్ల కోసమే 2021లో ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి ఈ బండి తీసుకున్నాం. తిరిగేది రోజుకు కొద్ది దూరమే, రాత్రి ఆఫీసులో ఉన్న 15 ఆంపియర్ల సాకెట్‌కు పెడితే పొద్దున్నకు నిండుతుంది, పెట్రోలు గోల లేదు అని కరెంటు బండి చూశాం. ఆ లెక్క ఇప్పటికీ తప్పు కాలేదు.

బండి నడిపేది మన గల్లీలోనే పుట్టి పెరిగిన తమ్ముడు. నెలకు ఇంత అని గౌరవంగా ఇస్తాం, జీతం అనడానికి లేదు. పేషెంటును ఎత్తి కూర్చోబెట్టడం, ఆస్పత్రిలో కేసు పేపరు తీయించడం, మందుల లైన్లో నిలబడడం, అన్నీ తనే.

కిందటి దసరాకు ముందు సంగతి. టాటా ఆస్పత్రి వాళ్లు కొందరు పేషెంట్లను ఖార్‌ఘర్‌లో ఉన్న తమ సెంటర్‌కు పంపుతుంటారు. కడుపు ఆపరేషన్ అయిన ఒక అమ్మను అట్లా తీసుకుపోయి తిరిగి వస్తుంటే, ఈస్టర్న్ ఫ్రీవే మీద ముందు ట్రాఫిక్ ఆగింది. తమ్ముడు బ్రేకు తొక్కాడు. స్టీరింగ్ చేతుల్లో ఊగింది, డ్యాష్‌బోర్డు గడగడలాడింది. ఆ అమ్మ కుట్లు పట్టుకుని "అయ్యో" అని అరిచింది. బండి ఆగనైతే ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె మన బండి ఎక్కనంది. "నాకు టాక్సీయే మంచిగుంటది బిడ్డా" అంది. ఆ మాట చాళ్లన్నీ తిరిగింది.

బండిని వర్క్‌షాపులో పెట్టాం. పేరు ఇక్కడ రాయం, అవసరం లేదు. ముందు చక్రాల డిస్కులు వంగిపోయాయన్నారు. రెండు డిస్కులూ, ప్యాడ్లూ కొత్తవి వేశారు. పదకొండు వేల పైచిలుకు బిల్లయింది. వణుకు పోయింది. సంతోషించాం.

మూడు నెలలు కాకముందే మళ్లీ మొదలైంది. మొదట కొంచెం, తర్వాత మునుపటి కంటే ఎక్కువ.

కమిటీ కూర్చుంది. ఇక్కడే మేము తప్పు చేశాం. కొత్త డిస్కులు మూడు నెలల్లో ఎట్లా పోతాయి? నడిపేవాడు సరిగ్గా నడపకపోతేనే పోతాయి. "పోరగాడు స్పీడు కొడుతుండు, దగ్గరికి పోయినంక ఒక్కసారే బ్రేకు తొక్కుతుండు, వేడికి డిస్కులు వంగుతున్నయి" అని ఒకరన్నారు. తక్కినవాళ్లం తలలూపాం. మొదటి బిల్లులో సగం తమ్ముడికి ఇచ్చే దాంట్లోంచి నెలనెలా పట్టుకోవాలని రాసుకున్నాం. తాళం కూడా తీసుకున్నాం. తమ్ముడు ఒక్కటే మాట అన్నాడు: "అన్నా, నేను అసలు బ్రేకే తక్కువ తొక్కుతా." సాకు చెబుతున్నాడనుకున్నాం. ఎవరమూ ఆ మాట పట్టించుకోలేదు. రోగం ఏమిటో ఆ మాటలోనే ఉందని మాకు తర్వాత గాని తెలియలేదు.

బండి అమ్మేద్దామా అన్న మాట కూడా అప్పుడే వచ్చింది. ఆ రోజు మీటింగు అయి బయటికొస్తే, ఎప్పటిలాగే మన మెకానిక్ తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తాత సంగతి పాతవాళ్లకు తెలుసు. పదిహేనేళ్ల వయసులో బొంబాయి వచ్చి నలభై ఏళ్లు పద్మినీ టాక్సీలు బాగుచేసిన చేతులు. 2023 అక్టోబరులో చివరి పద్మినీ టాక్సీలు రోడ్డు దిగినప్పుడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని ఇంట్లోవాళ్లు చెబుతారు. కరెంటు బండి గురించి తాతను అడగాలని మాకు ఎన్నడూ తోచలేదు. ఇంజనే లేని బండి, ఈయనకేం తెలుస్తుందిలే అనుకున్నాం.

తాతే అడిగాడు. "బ్రేకు తొక్కితేనే వణుకుతదా, తొక్కకున్నా వణుకుతదా?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రెండు మీటింగుల్లో ఒక్కరం కూడా ఈ ప్రశ్న వేయలేదు.

"వణికేది నీ చేతులా, నీ నడుమా?" అన్నాడు మళ్లీ.

ఆ ఆదివారం తెల్లవారుజామున, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, తమ్ముడిని పిలిచి తాళం చేతికిచ్చాం. తాత ముందు సీట్లో, మేమిద్దరం వెనక. తాత ఒక్కొక్కటిగా చేయించాడు.

మొదట, ఊరికే 70 మీద నడిపించాడు. వణుకు లేదు. అంటే టైర్లు, వీల్ బ్యాలెన్సింగ్ కాదు. అవి చెడితే బ్రేకు తొక్కకున్నా వణుకుతుంది.

రెండోది, బ్రేకు ముట్టకుండా యాక్సిలరేటర్ మీద కాలు తీసేయమన్నాడు. కరెంటు బండిలో కాలు తీయగానే మోటారే డైనమోలా తిరిగి, బ్యాటరీకి కరెంటు పంపుతూ బండిని నెమ్మదిస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. ఆ రీజెన్‌ను ఎక్కువ మీద పెట్టి చూశాం. బండి గట్టిగానే నెమ్మదించింది, వణుకు లేదు. అంటే మోటారు, దాని బిగింపులు, చక్రానికి పోయే షాఫ్టులు బాగానే ఉన్నాయి.

మూడోది, రీజెన్ పూర్తిగా తీసేసి బ్రేకు తొక్కమన్నాడు. అప్పుడు దొరికింది. ఎన్నడూ లేనంత వణుకు. మోటారు సాయం లేక పని మొత్తం డిస్కుల మీదే పడింది. అంటే దొంగ అక్కడే ఉన్నాడు.

ఇక ముందు చక్రాలా, వెనక చక్రాలా? తాత మొదట వెనకవే అన్నాడు. మన బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. తాత జీవితమంతా డ్రమ్ములతోనే గడిచింది కాబట్టి డ్రమ్ము గుండ్రం తప్పిందేమో అనుకున్నాడు. కానీ తన అనుమానాన్ని తనే పరీక్ష పెట్టుకున్నాడు. 30 మీద పోతూ, బటన్ వేలితో నొక్కిపట్టి హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగమన్నాడు. మన బండిలో హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల మీదే పనిచేస్తుంది. బండి నెమ్మదించింది, వణుకు లేదు. "నేను తప్పు జెప్పిన. ముందుదే" అన్నాడు తాత. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడు. ఆ మాటకు వెనక సీట్లో ఉన్న మాకు సిగ్గనిపించింది. తమ్ముడి మీద మేము వేసిన నింద ఏ పరీక్ష పెట్టి తేల్చాం?

(ఇవి నడుస్తున్న ట్రాఫిక్‌లో ఎవరూ చేయొద్దు. ఖాళీ రోడ్డు, వెనక ఎవరూ లేకుండా, నడపడం బాగా వచ్చినవాళ్లు పక్కన ఉండగానే చేయాలి.)

మధ్యాహ్నం చక్రాలు విప్పారు. నాగ్‌పాడా వైపు లేత్ పని చేసే ఒకాయన తాతకు పాత దోస్తు, ఆయన కొలిచే సామాను తెచ్చాడు. జాకీ పెట్టేటప్పుడు తాతను ఆయన ఆపాడు. ఈ బండ్లకు కింద పొడుగునా బ్యాటరీ ఉంటుంది, ఎక్కడ పడితే అక్కడ జాకీ పెడితే బ్యాటరీకి దెబ్బ. పుస్తకంలో గుర్తు చూపించిన చోటే పెట్టాలి. నారింజ రంగు వైర్లు ఎక్కడ కనబడినా చేయి పెట్టొద్దు, అవి పెద్ద కరెంటువి. బ్రేకు పనికి వాటితో సంబంధమే లేదు.

మైక్రోమీటర్‌తో ఎడమ డిస్కును ఎనిమిది చోట్ల కొలిచారు. ఒక చోటికీ ఇంకో చోటికీ మందంలో 0.03 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. తలవెంట్రుక మందంలో సగం కూడా లేదు. "ఇంత దానికే బండి అంత వణుకుతుందా?" అన్నాం. చాలట. చక్రం తిరిగిన ప్రతిసారీ మందం చోటు ప్యాడ్ల మధ్యకు రాగానే పట్టు పెరుగుతుంది, పలచని చోటు రాగానే తగ్గుతుంది. పట్టు, సడలింపు, పట్టు, సడలింపు. స్పీడులో అది సెకనుకు పది సార్ల పైనే జరుగుతుంది. స్టీరింగ్‌లో మన చేతికి తగిలేది అదే. డిస్కు వంగిందని అందరం అంటాం గానీ, చాలాసార్లు వేడికి వంగడం ఉండదు, ఇట్లా మందం తేడా రావడమే ఉంటుంది.

మరి కొత్త డిస్కుకు ఆ తేడా ఎందుకొచ్చింది? డయల్ గేజ్ పెట్టి డిస్కును మెల్లగా తిప్పారు. అంచు దగ్గర 0.11 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగుతోంది. 0.05 దాటితే మంచిది కాదన్నారు. డిస్కు విప్పి చూస్తే వెనక హబ్బు ముఖం మీద తుప్పు, పొలుసులు పొలుసులుగా. నాలుగు వానాకాలాల తుప్పు. మన బండి రాత్రంతా గల్లీలో నిలబడేదే, జులైలో మోకాలి లోతు నీళ్లలో నిలబడిన రోజులూ ఉన్నాయి. ఏటా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరు, పైన సముద్రపు గాలి. మొదటిసారి డిస్కులు మార్చినవాళ్లు ఆ తుప్పు గీకకుండా, దాని మీదే కొత్త డిస్కు కూర్చోబెట్టి బిగించేశారు.

తాత హబ్బు మీద వేలు పెట్టి చూపించాడు. "బిడ్డా, గోడ కట్టేటప్పుడు కింది వరుసల గింతంత గులకరాయి ఇరుక్కుంటే, పైకి పోయేసరికి గోడ బెత్తెడు వాలుతది. మా నాయిన తాపీ పని చేస్తుండె, గదొక్కటి మంచిగ నేర్పిండు. గీ జంగు గదే గులకరాయి."

కామాటిపురాకు ఆ పేరు తెచ్చినవాళ్లు మన కామాటీలే. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ ఊరి కట్టడాలకు రాళ్లు మోసి గోడలు లేపినవాళ్లు. ఆ తాపీ లెక్కే ఇన్నేళ్ల తర్వాత కరెంటు బండికి పనికొచ్చింది.

నడిమిట్లో ఇరుక్కున్న తుప్పు వల్ల డిస్కు ఒక పక్కకు వాలి తిరిగింది. బ్రేకు తొక్కకున్నా, తిరిగిన ప్రతిసారీ ఆ వాలిన చోటు ప్యాడ్‌కు రాసుకుంది. వేల కిలోమీటర్లు అట్లా రాసుకుని రాసుకుని అక్కడ అరిగింది. అందుకే కొత్తలో వణుకు లేదు, మూడు నెలలకు వచ్చింది. ఎవరు నడిపినా వచ్చేదే.

దాంతోపాటు ఎడమ క్యాలిపర్ జారే పిన్ను ఒకటి ఎండిపోయి బిగుసుకుపోయింది. అందుకే ప్యాడ్ పూర్తిగా వెనక్కి పోకుండా ఒక పక్క రాసుకుంటూనే ఉంది.

ఇక తమ్ముడి మాటకు వద్దాం. "నేను అసలు బ్రేకే తక్కువ తొక్కుతా." నిజం. పేషెంట్లకు కుదుపు తగలొద్దని రీజెన్ మీదే బండిని మెల్లగా ఆపడం అలవాటు చేసుకున్నాడు. చాలా మంచి డ్రైవింగ్ అది. కానీ నాయర్‌కు, కేఈఎంకు మెల్లగా తిరిగే బండిలో డిస్కుకు ప్యాడ్ గట్టిగా ఒరుసుకునే సందర్భమే రాదు. పెట్రోలు బండిలో రోజూ తొక్కే బ్రేకే డిస్కు మీద తుప్పును తుడిచేస్తుంది. కరెంటు బండిలో ఆ తుడుపు ఉండదు. మొదటిసారి వణుకు వచ్చింది కూడా, తమ్ముడు ఊరికి పోయి బండి వానలో ఇరవై రోజులు నిలబడిన తర్వాతే. ప్యాడ్ కింద ఉన్న చోటు ఒక రకంగా, మిగతాది ఇంకో రకంగా తుప్పు పట్టింది. మేము ఎక్కువ తొక్కుతున్నాడని నింద వేశాం. బ్రేకు చెడింది తక్కువ తొక్కినందుకు.

ఇది మన ఒక్క బండి బాధ కాదు. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు తమ ఐడీ.3, ఐడీ.4 కరెంటు కార్లకు వెనక చక్రాలకు డిస్కులు కాకుండా డ్రమ్ములే పెట్టారు. తక్కువ వాడకంలో డిస్కులు తుప్పు పడతాయి, డ్రమ్ము మూసి ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది అన్నది అందులో ఒక కారణం. ఈ సంగతి చెబితే తాత అరుగు మీద కూర్చుని ఆ సాయంత్రమంతా నవ్వుతూనే ఉన్నాడు. "మా పద్మినీది డ్రమ్మే గదా" అని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు.

బాగుచేసిన పద్ధతి ఇది. హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో ఉక్కు మెరిసేదాకా గీకారు. డిస్కులను లేత్ మీద రెండు వైపులా సమానంగా సన్నగా చెక్కించారు. డిస్కు అంచున కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది, అంతకు తగ్గకూడదు. మనవి కొత్తవే కాబట్టి మందం మిగిలింది. మళ్లీ కూర్చోబెట్టి డయల్ గేజ్ పెడితే 0.11 కాస్తా 0.03కు వచ్చింది. పిన్నులు కడిగి, బ్రేకుల కోసం వచ్చే గ్రీజే పెట్టారు. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోతుందట. ప్యాడ్లు కొత్తవి వేశారు. చక్రం నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచీతో, పుస్తకంలో రాసినంతే బిగించారు. ఖర్చు మొదటి బిల్లులో సగం కూడా కాలేదు.

తర్వాత ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవాలి. ఖాళీ రోడ్డు మీద రీజెన్ తీసేసి, 60 నుంచి 15 దాకా, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ ఒక పదిసార్లు బ్రేకు తొక్కించారు. వేడి మీద ఉన్నప్పుడు బండి ఆపి బ్రేకు తొక్కిపట్టి ఉంచొద్దు. ప్యాడ్ ముద్ర డిస్కు మీద అంటుకుంటుంది.

కరెంటు బండి ఉన్నవాళ్లు ఇవి గుర్తు పెట్టుకోండి:

1. వారానికి ఒకసారైనా రీజెన్ తగ్గించి, ఖాళీ రోడ్డు మీద నాలుగైదు సార్లు బ్రేకు గట్టిగా వాడండి. వానలో తిరిగాక, బండి కడిగాక ఇది మరీ అవసరం.

2. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే రీజెన్ సరిగ్గా పనిచేయదు, కరెంటు పోయే చోటు ఉండదు కదా. ఖండాలా ఘాట్ దిగేముందు లోనావాలాలో పూర్తిగా నింపుకోకండి. దిగేటప్పుడు భారమంతా డిస్కుల మీదే పడుతుంది.

3. డిస్కులు మార్పిస్తుంటే దగ్గర నిలబడి "హబ్బు గీకారా?" అని అడగండి. మొహమాటపడకండి.

4. పంక్చరు వేయించినప్పుడు మిషనుతో ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తారు. దానితో కూడా డిస్కు వాలుతుంది. చేత్తో సరిగ్గా బిగించమనండి.

5. బ్రేకు నూనె వాడకపోయినా తేమ పీలుస్తుంది. రెండేళ్లకోసారి, లేదా మీ బండి పుస్తకంలో చెప్పినప్పుడు, మార్పించండి.

6. బ్రేకు తొక్కితే పెడల్ లోపలికి పోతున్నా, బండి ఒక పక్కకు లాగుతున్నా, ఇనుము రాసుకున్న చప్పుడు వస్తున్నా ఇంట్లో పరీక్షలు పెట్టొద్దు. ఆ బండి నడపకుండా నేరుగా చూపించండి.

ఇక చివరి సంగతి. బండి బాగయిన వారానికి కమిటీ మళ్లీ కూర్చుంది. తమ్ముడిని, తాతను పిలిచాం. పట్టుకున్న పైసలు మొత్తం తిరిగి ఇచ్చాం, పాత తీర్మానం కొట్టేసి కారణం కూడా పుస్తకంలో రాశాం. అందరి ముందరే మాది తప్పు అని చెప్పాం. నింద అందరి ముందరే వేశాం కదా, క్షమాపణ గదిలో నలుగురి మధ్య చెబితే సరిపోదని ఇక్కడ కూడా రాస్తున్నాం. ఆ తమ్ముడి గురించి అప్పుడు మా నోటి నుంచి విన్నది ఎవరికైనా చెప్పి ఉంటే, దయచేసి ఇది కూడా చెప్పండి.

తమ్ముడు పెద్దగా ఏమీ అనలేదు. "తాళం ఇయ్యున్రి అన్నా, రెండు గంటలకు డయాలిసిస్ ఉంది" అన్నాడు.

పోయిన వారం ఆ అమ్మకు మళ్లీ ఖార్‌ఘర్ పోయే పని పడింది. కొడుకు చెప్పి చెప్పి ఒప్పించాడు. "వణుకుతే నడిమిట్లనే దిగుత" అని షరతు పెట్టి ఎక్కింది. తిరిగి వచ్చేటప్పుడు వాశీ వంతెన దాటేసరికి నిద్రపోయిందట. ఆఫీసు ముందు బండి ఆగిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు, లేపాల్సి వచ్చింది.

బండి కావలసినవాళ్లు ఎప్పటిలాగే ముందు రోజు సాయంత్రం ఆఫీసులో పేరు రాయించండి. రాసినదాంట్లో తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి.